హైదరాబాదు నగరమున విద్యార్థుల చర్చాగోష్ఠులు



"అడుగనిదే అమ్మయైనను పెట్టదు" అని మనవారు చెప్పుదురు. అడుగుట నేరము కాదని ఆ మాటకు తాత్పర్యము. అయినను, సెలవులకు ఇంటికి వచ్చిన చదువుకొన్న పిల్లవాడు రచ్చబండమీద కూర్చుండి, "ఈ బావిలో వారేల నీరు తోడుకొనరాదు? ఈ పనికి కూలి యేల ఇయ్యరు?" అని యడిగినచో మనలో పలువురకు కోపము వచ్చును. నాలుగక్షరములు నేర్చి తలకెక్కినదని కసరి పంపుదుము. పిల్లవాడు మరల అడుగడు; కాని యడుగుట మానడు. మనయెదుట అడుగుట మాని, మనము లేనిచోట తనవంటి పదిమందితో కూడి యడుగును. అట్లు కూడి యడిగిన పిల్లల చరిత్రలో హైదరాబాదు నగరమునకు సంబంధించిన యొక ఘట్టమును నేడు మీకు విన్నవింతును.

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు దక్షిణమున, లాలుదర్వాజా, షాలిబండల చేరువలో గౌలిపుర యను పేట కలదు. పేరు వినగనే పాలవాండ్ర వాడ యని తోచును. పూర్వము నగరమునకు కోటగోడ యున్నకాలమున ఈ పేటపేర ఒక దర్వాజా కూడ నుండెడిది. ఆ గౌలిపురలో 1918వ సంవత్సరము జూలై 21వ తేదీన రాజ్ బహాదూర్ గౌడ్ అను నతడు జన్మించెను. ఇంటిభాష ఉర్దూ, చదివినది వైద్యము, జీవితమంతయు చేసినది కూలివారి సేవ. ఈతడును ఈతని మిత్రులును విద్యార్థిదశలో కూర్చుకొన్న యొక చిన్నగోష్ఠి తెలంగాణపు చరిత్రలో ఎట్లు పెద్దపనికి దారితీసినదో చెప్పుటకుముందు, అంతకు పూర్వము ఇట్టి గోష్ఠులెట్లు నడచినవో కొంత చెప్పవలసియున్నది.

విద్యార్థులు గుమిగూడి సంఘమునందలి అన్యాయములను గూర్చి చర్చించుట మనదేశమున కొత్తవిషయము కాదు. కలకత్తాలోని హిందూకళాశాలలో హెన్రీ డిరోజియో అను యువకోపాధ్యాయుడు 1828లో తన శిష్యులతో ఒక చర్చాసభ నేర్పరచెను. విధి యున్నదా, విగ్రహారాధన మవసరమా, స్త్రీకి విద్య యేల లేదు అని వారు జంకులేక వాదించుచుండిరి. ఊరిపెద్దలు భయపడిరి. 1831లో ఆయన ఉద్యోగము వదలవలసివచ్చెను. ఆ సంవత్సరాంతముననే ఇరువదిరెండేండ్ల ప్రాయమున మృతినొందెను. గురువు పోయినను గోష్ఠి ఫలము పోలేదు. ఆ శిష్యులే తరువాతి కాలమున వంగదేశమునందు ఉపాధ్యాయులును, పత్రికాకర్తలును, సంస్కర్తలునైరి.

మన యాంధ్రదేశమున రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో సంఘసంస్కారమునకై సమాజము స్థాపించిరి. వారు బడిపంతులు. వారికి తోడ్పడినవారిలో పలువురు విద్యార్థులు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన తొలి వితంతువివాహము జరిగినపుడు పట్టణమంతయు వెలి వేయుదుమని బెదరించుచుండగా, పంతులుగారి వెంట నిలిచినవారిలో ఈ చదువుకొను పిల్లలున్నారు. మాటతో మొదలైన గోష్ఠి పెండ్లిపందిరి వరకు నడచినదని దీనివలన మనకు తెలియుచున్నది.

హైదరాబాదు రాజ్యమున పరిస్థితి వేరు. రాజ్యమును పాలించువారు ఆసఫ్ జాహీలు. రాజభాష, బడిభాష ఉర్దూ. ప్రజలలో సగమునకు సమీపముగ తెలుగువారే యైనను కచ్చేరిలో తెలుగునకు తావులేదు. సభ జరుపవలెనన్న సర్కారువారి అనుమతి ముందుగా కావలెను. ఈ నిర్బంధమునకే "గస్తీ నిషాన్ 53" అని పేరు. ఆ కాలమున పని చేసినవారి నోట ఈ సంఖ్య పదేపదే వినవచ్చుచుండెడిది. గ్రంథాలయ వార్షికోత్సవమునకైనను, బడి తెరచుటకైనను పదుగురు కూడినచో అధికారి చూపు పడెడిది.

పల్లెలలోనో, వెట్టి యుండెను. మీ తాతలు చెప్పగా విన్నవారు మీలో నుందురు. దేశముఖు గడీకి గాని, దౌరా వచ్చిన అధికారికి గాని కట్టెలు, గడ్డి, కోళ్లు, పాలు ఊరివారు పైకము లేకుండ ఇయ్యవలెను. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మున్నగువారు తమతమ పనులను కూలి లేకుండ చేయవలెను. ఎవడేని కాదన్నచో వానికి ఊరిలో నిలువ నీడ యుండదు. వెట్టి తగదని సర్కారు ఉత్తరువులు కాగితముమీద నుండెను. పల్లెలో మాత్రము కాగితముకంటె గడీ పెద్దది.

ఇట్టి వాతావరణముననే నగరమునందు జ్ఞానకార్యము మొదలైనది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో మాదరి భాగయ్య, తరువాత భాగ్యరెడ్డివర్మ యను పేర ప్రసిద్ధుడైన మహనీయుడు, జగన్మిత్రమండలిని స్థాపించెను. ఆయన అప్పటికి పదునెనిమిదేండ్లవాడు. అంటరానివారని ఊరు దూరముంచిన కులములవారి వాడలలోనే భజనలు, హరికథలు, ఉపన్యాసములు జరిపించి, త్రాగుడు, బాల్యవివాహములు, ఆడుపిల్లలను దేవతకు విడుచుట మున్నగు దురాచారములను వారిచేతనే చర్చింపజేసెను. 1910లో బడులు తెరువ మొదలిడెను. మరుసటి యేడు మండలి మాన్యసంఘమయ్యెను. 1917లో బెజవాడలో జరిగిన మహాసభకు ఆయన యధ్యక్షుడు. పంచములు అను పేరు మాని ఆదిఆంధ్రులమని చెప్పుకొనుటకు ఆ సభయే నాంది. ఎవరి బాధ వారే చెప్పుకొనవలెనన్న సూత్రము మన నగరమునకు నేర్పినవాడు భాగ్యరెడ్డివర్మయే. ఈ సూత్రమును గుర్తుంచుకొనుడు. పిమ్మట దీనితో పనియున్నది.

1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదులో కార్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కార మహాసభ జరిగెను. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో పలువురు మాటలాడిరి. ఆలంపల్లి వేంకటరామారావు వకీలుగారు లేచి తెలుగున మాటలాడబోగా సభలోనివారు గోలచేసి కూర్చుండబెట్టిరి. సంస్కారమును గూర్చిన సభలోనే తెలుగువానికి మాట దక్కలేదు! ఆ రాత్రియే టేకుమాళ్ల రంగారావుగారి యింట పది పన్నెండుమంది కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమైరి. అదియే పెరిగి 1930లో జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, ఆంధ్రమహాసభగా రూపొందెను. పదిమంది కూడిన యింటిగది ఒక రాజ్యమున నెంతపని చేయగలదో మన కిది సాక్ష్యము.

ఇక విద్యార్థుల సంగతి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమై, ఉన్నతవిద్య ఉర్దూలో చెప్పబడసాగెను. ఇరువదేండ్లలో పల్లెల నుండి, జిల్లాకేంద్రముల నుండి వచ్చిన పిల్లలతో వసతిగృహములు నిండెను. హిందువు, ముస్లిము ఒకే భాషలో చదివి, ఒకే తరగతిలో కూర్చుండి, ఒకే గ్రంథాలయమున పత్రికలు తిరుగవేయ నారంభించిరి. 1938వ సంవత్సరము సెప్టెంబరులో స్టేటు కాంగ్రెసు నిషిద్ధమయ్యెను. నవంబరులో వసతిగృహమున వందేమాతరము పాడరాదని యధికారులు శాసింపగా విద్యార్థులు వినలేదు. వందలకొలది పిల్లలు కళాశాలలనుండి వెడలగొట్టబడిరి. వారిలో పలువురకు నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చెను. తరువాత భారత ప్రధానమంత్రి యైన పాములపర్తి వేంకట నరసింహారావుగారు కూడ అట్లు నాగపూరు వెళ్లినవారే.

ఆ యుద్యమము ధైర్యమును నేర్పినది. కాని ఒక చిక్కును కూడ తెచ్చినది. నగరమున హిందూ ముస్లిము యువకుల నడుమ అనుమానము పెరిగెను. ఒకవైపు ఆర్యసమాజము, మరియొకవైపు ఇత్తెహాదుల్ ముస్లిమీన్. ఇరుపక్షముల పిల్లలును ఒకచోట కూర్చుండి, "మతము మాట తరువాత, అన్నము మాట యేమి? కూలి మాట యేమి? జనము చేతికి పాలన రావలదా?" అని యడుగగల చోటు లేకపోయెను. ఆ చోటును కల్పించుటకే 1939-40 ప్రాంతమున "కామ్రేడ్సు అసోసియేషను" అను గోష్ఠి పుట్టినది. మఖ్దూం మొహియుద్దీను, రాజ్ బహాదూర్ గౌడ్, జవాద్ రజ్వీ, ఆలం ఖుంద్ మీరీ, ఓంకార్ ప్రసాద్ మున్నగువా రందు ముఖ్యులు. పేర్లను చూచినచో రెండు మతములవారును గలరని మీకే తెలియును.

వీరిలో మఖ్దూం కథ మీరు వినదగినది. 1908లో మెదకు జిల్లా ఆందోలులో పుట్టెను. చిన్ననాడే తండ్రి పోగా పినతండ్రి యింట పెరిగెను. మసీదు ఊడ్చి, నీరు నింపుట బాలుని పని. ఒకనాడు పినతండ్రి ఇంటివారితో ముచ్చటించుచు, రష్యా యను దేశమున రాజును తొలగించినారట, అచ్చట గొప్పవారు బీదవారు అందరును ఒకే వస్త్రము పరచికొని ఒకే పంక్తిని భుజింతురట అని చెప్పెనట. ఆ మాట బాలుని మనస్సున నాటుకొన్నదని మఖ్దూం తరువాత చెప్పుచుండెడివాడు. చూచితిరా! పినతండ్రి విప్లవకారుడు కాడు, భక్తిగల గృహస్థు. భోజనవేళ పెద్దవాడు చెప్పిన యొక మాట పిల్లవాని జీవితమును మలచినది. మఖ్దూం 1936లో ఎం.ఏ. ముగించి, సిటీకాలేజీలో ఉపన్యాసకుడై, కొలదికాలముననే ఆ యుద్యోగమును వదలి ప్రజలలోనికి వచ్చెను. ఉర్దూ కవులలో మేటియై 1969లో దివంగతుడయ్యెను.

గోష్ఠిలో వారేమి చేసిరి? చదివిరి, వాదించిరి, మరల చదివిరి. కమ్యూనిస్టుపక్షము బ్రిటిషు ఇండియాలో 1934 మొదలు 1942 వరకు నిషిద్ధమైనది. ఇట్టి గ్రంథములు చేత నుండుటయే ప్రమాదము. కావున చిన్నగుంపులుగా కూడుట వారికి పద్ధతి మాత్రమే కాదు, అవసరము కూడ. ప్రపంచమున రెండవ మహాయుద్ధము మొదలైనది. హిట్లరు ఎవరు, సామ్రాజ్యమన నేమి, జాతీయోద్యమమున కూలివాని స్థానమేది, నిజామురాజ్యమున ప్రజాప్రభుత్వము వచ్చుటెట్లు అనునవి వారిని కలవరపరచిన ప్రశ్నలు.

ఇట గోష్ఠి లోపమును కూడ చెప్పవలెను. మెచ్చుకోలు మాత్రమే చరిత్ర కాదు. వీరు నగరయువకులు, ఉర్దూ విద్య నేర్చినవారు. ఉర్దూ వారికి వరమైనది, హిందూ ముస్లిములను ఒకచోట కూర్చుండబెట్టినది గనుక. అదియే అడ్డుగోడయు నయ్యెను, వెట్టి చేయు తెలుగురైతు ఆ గదిలోనికి రాలేడు గనుక. వెట్టిని గూర్చి వెట్టివాడు లేనిచోట ఎంత చక్కగా వాదించినను అది వినికిడి మాటయే. భాగ్యరెడ్డివర్మ చూపిన సూత్రము ఇచ్చట గుర్తునకు రావలెను. ఎవరి బాధను గూర్చి మాటలాడుదుమో వారు మన చాపమీద కూర్చుండనంతవరకు ఆ చర్చ సగము చర్చయే.

ఆ లోపము పూర్తిగా కాకున్నను కొంత తీరినది. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి మున్నగువారు ఆంధ్రమహాసభలో రైతుల పక్షమున పనిచేయుచుండిరి. నారాయణరెడ్డిగారు కూడ నగరమున వసతిగృహమునందుండి చదివి, హరిజనసేవలో చేయి తిరిగినవారు. నగరగోష్ఠివారును, మహాసభలోని ఈ యువకులును, మరాఠీప్రాంతపు మిత్రులును కలిసి రాజ్యమున కమ్యూనిస్టుపక్షమును నిర్మించిరి. 1941లో చిలుకూరు మహాసభకు నారాయణరెడ్డిగారు అధ్యక్షులు. రూపాయగా నున్న సభ్యత్వరుసుము నాలుగణాలకు దిగెను. వినుటకు చిన్నమాట, కాని రూపాయ ఇయ్యలేని రైతుకూలి నాలుగణాలిచ్చి సభ్యుడయ్యెను. సభ భాష మారెను, సభ ముఖము మారెను. 1944లో భువనగిరి సభతో మితవాదులు వేరైరి.

నగరమున మఖ్దూం, గౌడ్ ఇరువురును మిల్లుకార్మికులలో, రైల్వే కార్మికులలో ప్రవేశించిరి. 1946లో రాజ్యమంతటికి కార్మికసంఘముల సమాఖ్య యేర్పడగా మఖ్దూం అధ్యక్షుడు, గౌడ్ కార్యదర్శి. వైద్యపట్టము పొందిన గౌడ్ నాడిపట్టి రూపాయలు గడింపవచ్చును, గడింపలేదు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య గుండుదెబ్బకు కూలుటతో తెలంగాణపు రైతుపోరాటము రగుల్కొన్నది. గౌడ్ నిర్బంధితుడై, 1947లో ఉస్మానియా ఆసుపత్రినుండి జవాద్ రజ్వీతో కూడ తప్పించుకొని అజ్ఞాతమునకు పోయెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరినది. పోరాటము 1951 అక్టోబరు వరకు సాగినది. నాలుగువేలమంది ప్రాణములు కోల్పోయిరని పుచ్చలపల్లి సుందరయ్యగారు వ్రాసినారు. 1952 ఎన్నికలలో నారాయణరెడ్డిగారు నల్లగొండ నుండి దేశమునందే మిక్కిలి యాధిక్యముతో లోకసభకు గెలిచిరి. గౌడ్ అదే యేట రాజ్యసభకు పోయి 1962 వరకు నుండెను. 2011 అక్టోబరు 7వ తేదీన తొంబదిమూడేండ్ల ప్రాయమున ఆయన కన్నుమూసెను.

ఈ కథ విన్న పెద్దలకు ఒక సందేహము కలుగవచ్చును. "గోష్ఠి యన్నావు, చివరకు తుపాకి వరకు పోయినది గదా! మా పిల్లలు నట్లే పోవలెనా?" అని యడుగుట న్యాయమే. దీనికి నా సమాధానము రెండు భాగములు. మొదటిది: గోష్ఠివలన తుపాకి రాలేదు. సభ పెట్టుకొనుటకు కాగితము, మాటలాడుటకు అనుమతి, అడిగినచో వెలి లేదా చెర యను స్థితివలన వచ్చినది. మాటకు తలుపులు మూసిన యింటిలో గోడ పగులును. వెట్టి మాన్పుడని 1921 నుండి మెత్తగా అడిగినవారు మన హనుమంతరావుగారి వంటి శాంతమూర్తులు. వారి మాటను నాడే విని యుండినచో ఎన్ని ప్రాణములు దక్కెడివో ఆలోచింపుడు.

రెండవది: గోష్ఠి వేరు, పక్షము వేరు. గోష్ఠిలో ప్రశ్న పెద్దది. పక్షమున ఆజ్ఞ పెద్దది. పోరాటకాలమున ఆజ్ఞ లేక పని నడువదు. కాని ఆజ్ఞకు అలవాటుపడినచోట ప్రశ్నకు చోటు తగ్గును. చర్చించుటకై చేరిన యువకులు ఒకే సమాధానము చెప్పువారుగా మారిననాడు, వారు న్యాయపక్షమున నున్నను, గోష్ఠి ముగిసినదనియే చెప్పవలెను. ఇది ఒక పక్షమునకే గాదు, అన్నిపక్షములకు చెల్లును.

కావున మన యూరి పిల్లలు న్యాయమును గూర్చి చర్చాగోష్ఠి నడుపదలచినచో, ఈ చరిత్రనుండి నేర్వదగిన మాటలు కొన్ని కలవు. గోష్ఠి చిన్నదిగా నుండవలెను. పది పన్నెండుమంది చాలును, అప్పుడే ప్రతివానికి మాట దక్కును. ఒకే కులమువారు, ఒకే మతమువారు మాత్రమే చేరరాదు. ఆడుపిల్లలకు గోడ వెనుక గాక చాపమీదనే చోటుండవలెను. చర్చ ఊరి భాషలో జరుగవలెను, ఆలంపల్లివారికి జరిగిన యవమానము మరెవ్వరికి జరుగరాదు. ఎవరి కష్టమును గూర్చి మాటలాడుదురో వారిని పిలిచి ముందుగా వారిచేత చెప్పించవలెను. అధ్యక్షస్థానము వారమునకొకరికి మారవలెను. ఎదుటి వాదమును ఎదుటివాడు ఒప్పుకొనునంత చక్కగా తిరిగి చెప్పగలిగిన పిదపనే ఖండింపవలెను. ప్రతి చర్చ చివర ఒక చిన్న పని నిర్ణయింపవలెను: ఒక యర్జీ వ్రాయుట, ఒక రాత్రిబడి నడుపుట, కూలి లెక్క సరిచూచి చెప్పుట. పనిలేని చర్చ నోటిదురద యగును; చర్చలేని పని మందపోక యగును.

పెద్దలుగా మన చేయవలసినది కూడ కలదు. వారికి చోటు చూపుడు. గ్రంథాలయము, బడి వసారా, రచ్చబండ, ఏదియైనను సరే. మీరును పోయి కూర్చుండుడు. కాని మొదట మాటలాడకుడు. మీకు తెలిసిన పాతసంగతులు వారికి తెలియవు. గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడచిన తాతల కథ మీరు చెప్పకున్నచో పుస్తకము చెప్పదు. మఖ్దూం పినతండ్రివలె భోజనవేళ మీరు చెప్పిన మాట ఏ పిల్లవాని మనస్సున నాటునో ఎవరికి తెలియును?

గౌలిపుర వీథులలో నేడు నడచిపోవువారికి ఆ పూర్వపు దర్వాజా కానరాదు, కోటగోడ కానరాదు. ఊరు పెరిగిన కొలది గోడలు పోయినవి. మన పల్లెలలో కంటికి కానరాని గోడలు ఇంకను నిలిచియున్నవి. పిల్లవాడు మరల సెలవులకు వచ్చి ఆ బావిని గూర్చి యడిగినపుడు కసరక, "రమ్ము, కూర్చుండుము, ఎవరిని పిలిచి యడుగుదము?" అని యనుడు. ఆ యొక్క మాటతో గోష్ఠి మొదలగును.